రంజను పక్కన వాయిలి పుల్ల

ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చెప్పాలనే కూర్చుంటాను గానీ రెండో వాక్యానికి కోడిపిల్ల గద్దంత అవుతుంది, మూడో వాక్యానికి పంటకాలువ నిజాంసాగరమవుతుంది. నేనేం చెప్పినా మా ఆవిడ నాలుగుతో భాగించి వింటుంది, పిల్లలు పదితో భాగిస్తారు. కామారెడ్డిలో నా మిత్రులు ఇంకా తెలివైనవాళ్ళు. వాళ్ళు వినడం మానేశారు, నవ్వడం మాత్రం మానలేదు. కాబట్టి ఈ అధ్యాయానికి ముందుగా ఒక ఒప్పందం చేసుకుందాం. ఇందులో పొడుగులు, వెడల్పులు, ఘాటు, కోపం, గొంతు అన్నిటికీ కాస్త ఎరువు వేశాను. అయితే ఉన్నదాన్ని పెంచడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. పుట్టించినది ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నా అంతట నేనే ఒప్పుకుంటాను. మధ్యలో మీకు అనుమానం వచ్చినచోటల్లా అదే అనుకోకండి, చాలాచోట్ల వస్తుంది.

ఈ ఏడాది తొలకరి పడ్డ వారంలో మా మేనకోడలు స్రవంతి నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకొని కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి తీసుకుపోయింది. స్రవంతి మా అక్క సులోచన బిడ్డ. భిక్నూర్ దగ్గర, హైవే పక్కన, దాబాల వరసలో చిన్న నర్సరీ నడుపుతుంది. గులాబీలు, మందారాలు వచ్చేపోయే కార్లవాళ్ళ కోసం. ఆమె ప్రాణమంతా వెనకవైపు నీడలో ఉండే మందుమొక్కల మీద. ఆ రోజు నా ఒళ్ళో ఒక అట్టపెట్టె పెట్టింది. అందులో ఏమేముందో లింగంపేట దాటేదాకా చెబుతూనే ఉంది. గాలికి సగమే వినపడింది, మిగతా సగం నేనే పూరించుకున్నాను. కొమ్మలు కోసే కత్తెర, కొబ్బరి పొట్టును నొక్కి చేసిన ఇటుకలు, పేలాల్లా తెల్లగా తేలిగ్గా ఉండే పెర్లైట్, కోసిన పుల్లకు వేరు పుట్టించే హార్మోన్ సీసా, ఇంకా కులమంతటికీ విందు పెట్టగలిగినన్ని ప్లాస్టిక్ గ్లాసులు. గ్లాసులు గాజులాగా అవతలికి కనిపించేవి.

"మామా, గది గట్టిగ పట్టుకో. గుంతల పడ్డప్పుడు నువ్వు ఎగిరినా ఫరక్ పడది, డబ్బ ఎగరొద్దు."

"నీకు మామ ముఖ్యమా, డబ్బ ముఖ్యమా?"

"నిన్ను నాటితే మొలుస్తవా మామా?" అంది వెనక్కి తిరగకుండానే.

మేం పెరిగిన ఎల్లారెడ్డి ఇంట్లో ఇప్పుడు అక్క, బావ ఉంటున్నారు. మెట్ల పక్కనే, చూరును దాటి పెరిగిన నల్ల వాయిలి పొద ఉంది. పుస్తకాల్లో వావిలి అని రాస్తారు, మా నోటికి మొదటినుంచీ వాయిలే. ఆకు పైన మసక పచ్చ, తిప్పితే అడుగున వంకాయ రంగు. గాలి వీస్తే పొద మొత్తం రంగు మార్చుకుంటుంది. స్రవంతి కత్తెర తెరిచి మొదటి రెమ్మ కోసింది. అంతే, వాసన వచ్చింది. ఆ వాసన తెలియనివాళ్ళకు ఎట్లా చెప్పను? మిరియాలు, కర్పూరం, కొత్తగా అలికిన గోడ, ఈ మూడింటినీ ఒక గదిలో వేసి గొళ్ళెం పెడితే లోపల అవి కొట్లాడుకునే వాసన అది. నా ముక్కు దిబ్బడ విడిపోయింది. పక్కింటాయన ముక్కు కూడా విడిపోయింది. వీధి చివర టైలరు ముక్కు సంగతి అడగలేదు గానీ, ఆయన మిషను ఆగిన చప్పుడు మాత్రం నాకు వినిపించింది.

నా చిన్నతనంలో పొద అక్కడ లేదు. ఇంటి వెనక పెరట్లో ఉండేది. మా నాయనమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్. పెళ్ళయి వచ్చేటప్పుడు ఆ పొద పిలకను తడిబట్టలో చుట్టి ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకుంది. బండెద్దులు ఆ ఘాటుకు మత్తెక్కి దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చాయని అవ్వే చెప్పేది. పెంచి చెప్పే గుణం నాకు ఎవరి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మామూలు తెల్ల వాయిలి కాలువ గట్ల మీద కావలసినంత దొరుకుతుంది, పశువు కూడా మూతి పెట్టదు. నల్లది మాత్రం మా గల్లీకంతటికీ అదొక్కటే. అవ్వ రోజంతా దాని చుట్టే తిరిగేది. ఎవరికైనా జలుబు చేస్తే ఆకు దిండు కింద పెట్టేది. బియ్యం కుండలో పురుగు పడకుండా ఎండాకు వేసేది. సాయంత్రం నిప్పుల మీద ఆకు వేసి పొగ పెడితే మా ఇంటి దోమలు సంసారంతో సహా ఊరు మారేవి. వీటన్నిటికంటే పెద్ద పని బాలింతల తానం. గల్లీలో ఎవరు కన్నా, వాయిలాకు వేసి కాచిన నీళ్ళతో తల్లికీ బిడ్డకూ తానం పోసేది అవ్వే. ఆమె అరచేతులు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేవి, ఆ నీళ్ళు లోపలికి ఇంకిపోయాయేమో అన్నట్టు. తానానికి ఆమెకొక నియమం ఉండేది. కాగులో ఎండాకు ఎంతైనా వెయ్యొచ్చు, కానీ మొదటి తానం రోజు చెట్టు మీది పచ్చాకు ఒక్కటైనా పడాలి. అది పడకపోతే ఆమె చెంబు ముట్టదు.

మా బాపు కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య తిరిగే బస్సులో కండక్టర్. జీవితమంతా "లోపలికి జరుగుర్రి, జరుగుర్రి" అన్న మనిషి. ఇంట్లో కూడా అన్నం ముందు కూర్చుంటూ మమ్మల్ని అదే అనేవాడు. అమ్మ పొద్దున లేచి పనులు ముగించుకొని చాట ముందేసుకొని బీడీలు చుట్టడానికి కూర్చునేది. పక్కన తడి గోనెపట్టలో చుట్టిన తునికాకు ఉండేది. మా ఇంట్లో ఒక మూల తడి తునికాకు వాసన, ఇంకో మూల వాయిలాకు వాసన, మధ్యలో బాపు చొక్కాకు పట్టిన బస్సు వాసన. నేనప్పుడు కామారెడ్డిలో ఇంటర్ చదువుతున్నాను. అంటే బాపు బస్సులో పోయి బాపు బస్సులో వస్తున్నాను, మధ్యలో చదువు జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఆధారాలు లేవు.

ఆ చలికాలం అక్క తొలిచూలు పురుటికి ఇంటికొచ్చింది. బాపుకు ఒక్కసారిగా పట్టింపు వచ్చేసింది. అప్పటిదాకా మా ఇంట్లో తానమంటే పెరట్లో బండ మీద, నాలుగు కట్టెలకు కట్టిన గోనెపట్ట చాటున. "నా బిడ్డ బాలింత తానం గోనె చాటుకు చేసుడేంది? సిమెంటు అర్ర కడుత" అని ప్రతిజ్ఞ చేశాడు. మేస్త్రీ వచ్చాడు. తాడు పట్టాడు, సున్నంతో గీత గీశాడు, గీత మధ్యలో నిలబడి తల గోక్కున్నాడు. ఎటు తిప్పి గీసినా అర్ర మధ్యలో వాయిలి పొదే వస్తోంది.

"కండక్టర్ సాబ్, గీ చెట్టు తియ్యాలె."

అవ్వ వచ్చి పొద కింద చతికిలబడింది. "తానానికి అర్ర కట్టబట్టి తానం ఆకునే కొట్టేస్తవురా? మరి అర్రల బిడ్డకు దేంతోని పోస్తవు, సిమెంటుతోనా?"

"అవ్వా, ఇటు బాయి ఉన్నది, అటు పక్కోని గోడ ఉన్నది. బాయి జరగది. గోడ జరగది. జెర నువ్వన్న జరుగు."

"నీ బస్సుల చెప్పుకో జరుగుమని!" అని అవ్వ మరాఠీలోకి దిగింది. ఆమె మరాఠీలోకి దిగిందంటే ఇక బేరం లేదని అర్థం. మేస్త్రీ తాపీ సంచిలో వేసుకొని బీడీ ముట్టించాడు. బాపు దబాయించాడు, బతిమాలాడు, డ్యూటీకి ఆలస్యమైందని పారిపోయాడు. ముసలి పొదను వేళ్ళతో సహా తవ్వి ఇంకోచోట పెట్టే వీలు లేదు, వేళ్ళు సగం గోడ కిందికి పోయి ఉన్నాయి. చివరికి అమ్మ బీడీ చుట్టడం ఆపకుండానే ఒక మాటంది: "మా తమ్మున్ని పిలువుర్రి. గాడు పుల్ల నుంచి చెట్టు తీస్తడు."

అమ్మ తమ్ముడు లింగం మామ నస్రుల్లాబాద్ వైపు ఒక మొక్కల తోటలో మాలిగా చేసేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా తడి కాగితంలో చుట్టిన పుల్లలు జేబులోంచి తీసేవాడు, మిగతా మామలు చాక్లెట్లు తీసినట్టు. ఈసారి తోటలోంచి వేర్ల హార్మోన్ పొడి పొట్లం కట్టుకొని వచ్చాడు. పొట్లాన్ని అందరి ముందు విప్పాడు. తెల్లటి పొడి, ముఖానికి రాసుకునే పౌడరులాగే ఉంది. మేమంతా ఊపిరి బిగబట్టాం, ఊదితే మా కాళ్ళకు వేళ్ళొస్తాయేమోనని.

ఆ పూట మా ఇంట్లో జరిగిన పని తోటల్లో కూడా జరిగి ఉండదు. మరీ లేతది కాక, మరీ ముదురూ కాక, పెన్సిలంత లావు కొమ్మలు చూసి మామ కోశాడు. కింది కొన కణుపుకు కొద్దిగా కిందుగా ఏటవాలుగా, పై కొన అడ్డంగా కోశాడు. ఎందుకంటే ఆకు దూసేసిన పుల్లకు తల ఏదో కాలు ఏదో తెలియదు, తలకిందులుగా పాతితే అది చస్తే బతకదు. పైన రెండాకులు ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించాడు. కోసిన పుల్లలు వాడిపోకుండా అమ్మ తడి గోనెపట్టలో, తునికాకు పక్కనే పెట్టాం. ఇక దేంట్లో నాటాలన్న దానిమీద శాసనసభ నడిచింది. అవ్వ మేకపెంట అంది. బాపు ఎర్రమట్టి అన్నాడు. మామ రెండూ కొట్టిపారేశాడు. మంజీర ఇసుకను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగించాడు, అందులో కాల్చిన వరి ఊక కలిపించాడు.

"గిండ్ల బలమేమున్నదిరా? బూడిద, ఇసుక!" అంది అవ్వ.

"వేరే లేనిదానికి బలమెందుకు అవ్వా? జెర తడి, జెర గాలి ఉంటే చాలు. పురిట్ల పోరనికి బిర్యాని పెడ్తమా?"

పుల్ల కొనను తడిపి, పొడిలో అద్ది, ఎక్కువైంది రాలేట్టు వేలితో కొట్టాలి. ఇసుకలో ముందే ఇంకో పుల్లతో గుంత చేసి అందులో దించాలి, లేకపోతే పొడంతా పైనే తుడుచుకుపోతుంది. అద్దే పని నాది. నేను ఎంత శ్రద్ధగా అద్దానంటే, నా బొటనవేలు ఆ నెలంతా దురద పెట్టింది, చిగురొస్తుందేమోనని రోజూ చూసుకున్నాను. మధ్యలో ఒకటి రెండు పుల్లలు చెయ్యి జారి కింద పడ్డాయి, ఎవరూ పట్టించుకోలేదు. నాటినవాటిని కోసిన నూనె డబ్బాల్లో, పగిలిన గురుగుల్లో, ఖాళీ పాల కవర్లలో సర్ది, పైన తేమ పోకుండా పాలిథీన్ కప్పి, నడిమింట్లో మంచం కింద నీడకు పెట్టాం.

"ఇగ ఇనుర్రి," అన్నాడు మామ తువ్వాలు దులుపుకుంటూ. "నెల దినాలు రోజు నీళ్ళు చిలకరించుర్రి. గంతే. వేరు వచ్చిందా లేదా అని పీకి చూసిన్రంటే మాత్రం కథ ఖతం. సన్న వేరు దారమంత ఉంటది, ఒక్కసారి తెగితే మల్ల రాదు. ఎవ్వలు ముట్టొద్దు."

అందరం తలూపాం. మామ మిగిలిన పొడి పొట్లాన్ని గోడ గూట్లో పెట్టి బస్సెక్కాడు. అదే గూట్లో బాపు పళ్ళపొడి పొట్లం ఉండేది. తెల్లారి మసక వెలుతురులో బాపు పళ్ళు తోముకొని, ఇదేంది చేదుగున్నదని ఊసి, పొట్లం చూసుకొని అరిచిన అరుపుకు నిలిపి ఉన్న బస్సు దానంతటదే స్టార్టయింది. పది చెంబుల నీళ్ళు పుక్కిలించాడు.

"నాకేమన్నయితదా అవ్వా?"

"ఏమైతది? పోయిన పండ్లు మల్ల మొలుస్తయి" అంది అవ్వ. మొలవలేదు. కానీ అప్పటిదాకా ఊగుతున్న ఒక కింది పన్ను ఆ రోజు నుంచి ఊగడం మానేసింది.

పుల్లలు నాటితే పొద సంగతి మీ ఇష్టమన్న మాట మీద అవ్వ నిలబడింది. పొదను కొట్టించడానికి ఒప్పుకుంది. ఆకంతా దూసి ఇంటి నిండా నీడకు ఆరబోసింది. మేం ఆకు మీదే నడిచాం, ఆకు మీదే తిన్నాం, ఆ రోజుల్లో మా గణితం పుస్తకం తెరిచినా తలనొప్పి రాలేదు. వెనక బాపు గోడలు లేస్తున్నాయి, ముందు అక్క కడుపు పెరుగుతోంది, మధ్యలో మంచం కింద పుల్లలు. అవ్వ ప్రాణం అక్కడే ఉంది. "ఎండాకు అటక నిండ ఉన్నది. పచ్చాకు గా మంచం కిందనే ఉన్నది" అని రోజుకోసారి అనేది. కాన్పు లోగా ఒక్కటైనా బతకకపోతే, మనవరాలి మొదటి తానానికి తన పుట్టింటి ఆకు లేనట్టే. ఆమె చేత్తో అందరి బిడ్డలకూ పడ్డ ఆకు తన ఇంటి బిడ్డకే పడనట్టు.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను మెల్లగా నడిమింట్లోకి పోయాను. ఎందుకని అడగకండి. మంచం కింద అప్పటికే ఒక ఆకారం ఉంది. అక్క, ఆ కడుపుతో, ఎట్లా దూరిందో దూరింది.

"ఏం చేస్తున్నవే?"

"నీళ్ళు చిలకరిస్తున్న." చేతిలో చెంబు లేదు, పుల్ల ఉంది. పుల్ల కొనను వెలుతురుకు పెట్టి చూస్తోంది. "నువ్వెందుకొచ్చినవ్?"

"నేను గూడ నీళ్ళకే."

ఆ తర్వాత కళ్ళు తెరుచుకొని చూస్తే మా ఇల్లు ఇల్లంతా మంచం కిందే కాపురం ఉంటోంది. బాపు డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కోకుండానే ఒక పుల్ల లాగి చూసేవాడు, బస్సులో టికెట్ చెకింగు చేసినట్టు, "నీది ఏడ? చూపెట్టు" అంటూ. అవ్వ పీకేది కాదు, తనకా నియమం గట్టిది. కొంచెం పైకెత్తి, వాసన చూసి, మళ్ళీ దించేది. అదొక్కటే తేడా. అమ్మ ఒక్కతే ఆ వైపు పోలేదు. నిగ్రహం వల్ల కాదు, బీడీల వల్ల. చాట ముందు నుంచి లేవడానికి ఆమెకు తీరిక లేదు.

మామ చెప్పిన గడువు దాటింది, మామ వచ్చాడు. పాలిథీన్ తీశాడు. ఒకటి లాగాడు, కొన నల్లగా మెత్తగా వచ్చింది. రెండోది లాగాడు, బెరడు ఊడి చేతిలోకొచ్చింది. చివరిదాకా లాగాడు. మంచం మీద పుల్లలన్నీ వరసగా పడుకున్నాయి, ఒక్కదానికీ వేరు లేదు.

"ఎవ్వలన్న ముట్టిన్రా?"

"లేదు" అన్నాం ముక్తకంఠంతో. అంత ఐకమత్యం మా ఇంట్లో మళ్ళీ చూడలేదు.

"ఏమో మరి," అన్నాడు మామ పైకప్పు చూస్తూ. "పొడి పాతదై ఉంటది."

"ఓ లింగా," అంది అవ్వ నెమ్మదిగా. "మొన్న బాన్సువాడ బస్సు దిగి, చాయ గూడ తాగకుండ సీదా మంచం కిందికి దూరింది ఎవలురా?"

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. అప్పుడు అక్క నవ్వింది, తర్వాత బాపు, తర్వాత అందరం. అవ్వ కూడా నవ్వింది గానీ, నవ్వి లేచి పెరట్లోకి పోయి కొత్త గోడకు ఆనుకొని నిలబడింది. బాపు వెనకే పోయాడు.

"అవ్వా, రేపే మద్నూర్ పోయి ఇంకో పిలక తెస్త."

"ఆడ ఏడున్నదిరా. మా ఇంటి జాగల దుకాణాలు లేసి ఎన్నేండ్లాయె." బాపును పక్కకు జరగమని కూడా అనలేదు. జరిగి తనే లోపలికి పోయింది.

కొన్నాళ్ళకే అక్క ఆడపిల్లను కన్నది. తెల్లటి, కోపిష్టి పిల్ల. ఏడిస్తే పోచారం చెరువు మీది కొంగలు లేచేవి. మొదటి తానం రోజు వచ్చింది. లింగం మామ కూడా వచ్చాడు. బాపు సిమెంటు అర్రకు మామిడాకులు కట్టాడు. వెనక కాగులో నీళ్ళు మరుగుతున్నాయి, ఎండాకు వేశారు. అవ్వ చెంబు ముందు పెట్టుకొని కూర్చుంది, ముట్టలేదు.

మా ఇంటి ముందు మెట్ల పక్కన తాగేనీళ్ళ రంజను ఉండేది. ఎండా వానా తగలని చోట, ఇసుక దిబ్బ మీద పెద్ద మట్టి కుండ. కుండ ఊరి ఊరి కింద ఇసుక ఎప్పుడూ చల్లగా తడిగా ఉండేది. ఆ పొద్దున నీళ్ళు నింపుతుంటే రంజను ఒక పక్కకు ఒరిగింది. అమ్మ వంగి, ఒరగకుండా పక్కన ఎప్పుడో గుచ్చిన పుల్లను లోపలికి నెట్టబోయింది. నెట్టబోయి ఆగింది. ఆమె గొంతు అంత పెద్దగా లేవడం నేను అదే మొదటిసారి వినడం.

"ఓ లింగా! గీ పుల్లకు ఆకేందిరో!"

పురిటింటిని వదిలేసి అందరం ఉరికాం. కొమ్మలు నాటిన రోజు రంజను ఊగుతుంటే అమ్మ విసుక్కొని, నేల మీద పడి, తొక్కిడికి ఆకులూడిన పుల్ల ఒకటి తీసి ఇసుకలో గుచ్చిందట. అది నా చెయ్యి జారి పడ్డ పుల్ల. అది వాయిలి అని అమ్మకు తెలియదు, తెలియదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పీకలేదు. పీకితే రంజను పడుతుంది కాబట్టి, తెలిసినా పీకేవాళ్ళం కాము. అది కుండ నీడలో, కుండ తడిలో కూర్చొని రెండు చిట్టి ఆకులు పెట్టుకుంది. అడుగున వంకాయ రంగు.

లింగం మామ కళ్ళు తడయ్యాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వేరు పట్టిందో లేదో..." అంటూ చెయ్యి చాచాడు. నాలుగు వైపుల నుంచి నాలుగు చేతులు ఆ చేతి మీద పడ్డాయి.

"ముట్టినవంటే ఇరుగుతది!" అంది అవ్వ, ఏది ఇరుగుతుందో చెప్పకుండా.

అందరూ మాటల్లో పడ్డాక నేను వంగి, ఒక్క వేలితో ఇసుక కొంచెం తొలగించి చూశాను. అక్కడుంది వేరు. సేమియా పోగంత సన్నగా, పాలమీగడంత తెల్లగా, కొనకు లేత పసుపు. ఒంటికి సన్నటి నూగు, ఆ నూగుకు ఇసుక రేణువులు అతుక్కొని ఉన్నాయి, చంటిపిల్ల పిడికిట్లో బెల్లం ముక్క పట్టుకున్నట్టు. మళ్ళీ మెల్లగా కప్పేశాను.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఉన్నవి రెండే ఆకులు. తానానికి పచ్చాకు కావాలి. తుంపితే పుల్ల చస్తుంది, తుంపకపోతే అవ్వ చెంబు ముట్టదు. మామ వద్దన్నాడు. బాపు సగం తుంపుదామన్నాడు, హాఫ్ టికెట్ లాగా. అవ్వ ఆకును చూస్తోంది, అర్ర వైపు చూస్తోంది, మళ్ళీ ఆకును చూస్తోంది. కాగులో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. అప్పుడు వెనక అర్రలోంచి అక్క కేక వచ్చింది:

"ఆకును నీళ్ళ కాడికి తెచ్చుడెందుకే అవ్వా? నీళ్ళనే ఆకు కాడికి తీస్కపోర్రి! నాకు సలిపెడ్తున్నది!"

అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, చెంబులో రంజను నీళ్ళే ముంచింది. పుల్ల దగ్గర కూర్చొని, కొమ్మ మీదే ఉన్న ఆకును రెండు వేళ్ళతో వంచి చెంబులో ముంచి తీసింది. ఆకు చెక్కుచెదరలేదు. ఆ చెంబు పట్టుకొని, మా అందరినీ "జరుగుర్రి, జరుగుర్రి" అంటూ అర్రకు నడిచి కాగులో కుమ్మరించింది. బాపు నోరు తెరిచి చూస్తుండిపోయాడు, తన మాట తనకే తగిలినందుకు. ఆ నీళ్ళతో పోసిన మొదటి తానానికి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు కామారెడ్డి రైల్వే స్టేషన్లో వినపడిందని తర్వాత నాకు కొందరు ప్రయాణికులు చెప్పారు. ఆ పిల్లే స్రవంతి.

పుల్లను మేం ఇంకోచోటికి మార్చలేదు. రంజనునే మార్చాం. ఇరవై అడుగులు ఎక్కువ నడిచి నీళ్ళు తాగాం. ఎవరి వల్ల బతికిందన్న గొడవ మాత్రం ఈనాటికీ తెగలేదు. మామ పొడి వల్ల అన్నాడు. అవ్వ రంజను చలువ అంది. బాపు తను అర్ర కట్టకపోతే పుల్లే కోసేవాళ్ళు కాదు కదా అన్నాడు. అమ్మ మాత్రం బీడీలు చుట్టుకుంది.

ఇప్పుడు స్రవంతి అదే పొద కొమ్మలను కత్తెరతో టకటక కోస్తుంటే చూశాను. ఆమెకు మంచం కింద నీడ అక్కర్లేదు. కొబ్బరి పొట్టు ఇటుకను బకెట్ నీళ్ళలో వేస్తే అది నానబెట్టిన శనగపప్పులా ఉబ్బింది. అందులో పెర్లైట్ కలిపింది. పుల్లల కొనలను సీసాలోని మందులో ముంచి గ్లాసుల్లో నిలబెట్టింది. "గిప్పుడు వీటికి తేమ కావాలె, చల్లగుండాలె, ఎండ తగలొద్దు" అంటూ గ్లాసులన్నీ తట్టలో పెట్టుకొని ఎటు పోతోందా అని చూస్తే, నేరుగా బాపు కట్టిన సిమెంటు అర్రలోకి పోయింది. కట్టిన రోజు నుంచీ ఆ అర్రలోకి ఎండ వచ్చిన పాపాన పోలేదు. గోడలు ఎప్పుడూ ఆరలేదు. అక్కావాళ్ళు లోపల కొత్త బాత్రూం కట్టుకున్నాక అది ఖాళీగానే ఉంది. "నర్సరీల గిసొంటి రూము కట్టాల్నంటే పెద్ద పని మామా. తాతకు ముందే ఎట్ల తెలిసిందో" అంది. ఒక పొదను కొట్టేసిన అర్ర ఇప్పుడు ఊరికి సరిపడా పొదలను కంటోంది. అప్పుడు మాకు ఒక్క పుల్ల బతకడం పండుగ. ఇప్పుడామె తట్టలో రెండు మూడు చస్తే లెక్కలోకి రాదు. అది చూసి నాకు కొంచెం అసూయ, చాలా సంతోషం కలిగాయి. అవ్వ ఉంటే గ్లాసుల్నన్నిటినీ ఒక్కొక్కటిగా ఎత్తి వాసన చూసి ఉండేది, స్రవంతి ఆమెను అర్రలో పెట్టి తాళం వేసి ఉండేది.

మొన్న మళ్ళీ పోయాం. బాపు ఇప్పుడు కామారెడ్డిలో నా దగ్గరే ఉంటాడు. రోజూ ఫోన్ చేసి "వేర్లొచ్చినయా బిడ్డా?" అని అడుగుతున్నాడని స్రవంతి మమ్మల్నిద్దర్నీ కారులో తీసుకుపోయింది. అర్రలో గ్లాసు ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. "పీకుడు లేదు, గీకుడు లేదు. బయటినుంచే చూడుర్రి." గ్లాసు గోడ వెంట వేరు దిగింది. బాపు కళ్ళద్దాలు తుడుచుకొని గ్లాసుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నగా, "వచ్చిందవ్వా" అన్నాడు, అక్కడ లేని మనిషితో. అని నవ్వాడు. ఆ నవ్వులో ఒకే ఒక్క కింది పన్ను కనిపించింది.

ఒప్పందం మరిచిపోలేదు. బాపు పన్ను నేను పుట్టించినది అనుకుంటున్నారు కదూ? కాదు. మిగతావన్నీ రాలిపోయినా అదొక్కటి ఉంది, మా ఇంటికొస్తే చూపిస్తాడు, అడగకపోయినా చూపిస్తాడు. ఆకును కొమ్మ మీదే ఉంచి చెంబులో ముంచడం కూడా నిజమే, అక్కనడగండి. నేను పుట్టించింది వేరును. రంజను పక్కన ఇసుక తొలగించి చూశానని రాశానే, ఆ తెల్లటి వేరు, ఆ నూగు, ఇసుక రేణువులను పట్టుకున్న పిడికిలి, అవి మొన్న స్రవంతి గ్లాసులో చూసినవి. అక్కడి నుంచి తెచ్చి ఇసుక రేణువులు అద్ది ఇక్కడ నాటాను. ఆ రోజు నా వేలు ఇసుకలో గోరు మునిగేంత వరకే పోయింది. గోరువెచ్చటి చెయ్యి ఒకటి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఉంటది కొడుకా," అంది అవ్వ. "ఆకు కనవడ్తలేదా?"

వేలు వెనక్కి తీసుకున్నాను. చూసి ఉంటే, ఈ తొలకరికి స్రవంతి కోయడానికి మెట్ల పక్కన పొదే ఉండేది కాదు.